విశాఖ నుంచి మూలపేటకు టగ్గుతో బార్జిని లాక్కురావాలి: బయలుదేరే ముందు ఏమేమి చూసుకోవాలి?

టెక్కలి ఇంజనీరు:

పెద్దలందరికీ నమస్కారం. మూలపేట ఓడరేవు పనుల్లో ఒక ఉపగుత్తేదారు తరఫున పనిచేస్తున్నాను. ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి మా పనిచోటికి ఒక డెక్ బార్జిని (చదునైన పైభాగంతో, సొంత ఇంజను లేని సరుకు పడవ) టగ్గుతో (ఇతర ఓడలను లాగే ఓడ) లాగించి తేవలసి ఉంది. దాని మీద ఒక క్రాలర్ క్రేను (చక్రాలకు బదులు ఇనుప ట్రాకులపై కదిలేది), కొన్ని ఉక్కు గొట్టాలు ఉంటాయి, మనుషులెవరూ ఉండరు. టగ్గు బొల్లార్డ్ పుల్, అంటే అది లాగగల గరిష్ఠ బలం, 30 టన్నులు. అన్నీ తామే చూసుకుంటామని టగ్గు వారు అంటున్నారు గానీ, సరుకు మాది. లాగుడు ఏర్పాట్లను తనిఖీ చేసే సర్వేయరు రాకముందే మేము సిద్ధం చేయవలసినవేమిటో, నేను స్వయంగా చూసుకోవలసినవేమిటో అనుభవజ్ఞులు చెప్పగలరా?

భీమిలి సరంగు (విశ్రాంత టగ్గు మాస్టరు):

మంచి ప్రశ్న వేశారు. ముందు దారి సంగతి గుర్తుంచుకోండి. విశాఖ నుంచి మీ చోటికి దాదాపు 80 నాటికల్ మైళ్లు. లాగుడు వేగం 4 నాట్లు (గంటకు 4 నాటికల్ మైళ్లు) అనుకుంటే 20 గంటల ప్రయాణం, అంటే మధ్యలో ఒక రాత్రి తప్పదు. ఈ దారిలో తలదాచుకునే రేవు లేదు. భీమిలి, కళింగపట్నం ఒకప్పుడు ఓడరేవులే అయినా అవి తెరిచిన సముద్రంలో లంగరు వేసుకునే చోట్లే. నాగావళి, వంశధార ముఖద్వారాల్లో ఇసుక మేటలుంటాయి. వాతావరణం చెడితే వెనక్కి తిరగాలి, లేదా లోతు నీళ్లలోకి పోయి గాలికి ఎదురు నిలవాలి. కెరటాలు లేచాక మనిషి లేని బార్జి మీదికి ఎక్కడం ప్రాణాలతో చెలగాటం కనుక, అక్కడ చేయవలసిన ప్రతి పనీ రేవులోనే పూర్తి కావాలి.

అందుకే నేను టగ్గు కంటే ముందు బార్జినే చూస్తాను. ప్రతి ట్యాంకు మ్యాన్‌హోలు మూత తీయించి, రబ్బరు గాస్కెట్ చెడలేదని చూసి, బోల్టులన్నీ బిగించే దాకా దగ్గర నిలబడండి. గాలి గొట్టాల మూతలు పనిచేయాలి. ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ఉదయం మరొకసారి ట్యాంకులన్నిటిలో నీటిమట్టం కొలిపించి రాసుకోండి. ఏ ఒక్కదానిలో తేడా కనిపించినా కారణం తేలే దాకా తాడు కట్టనివ్వకండి. సగం నిండిన ట్యాంకులు ఉండకూడదు, ఎందుకంటే లోపల నీరు అటూ ఇటూ ఊగితే బార్జి నిలకడ పోతుంది. వెనుక భాగం ముందు భాగం కంటే కొద్దిగా లోతుగా మునిగి ఉంటే బార్జి పక్కలకు కొట్టుకోకుండా తిన్నగా వస్తుంది.

క్రేను బూమ్ (పొడవాటి చేయి) దించి కట్టేయాలి. గొలుసులు ఊగిసలాటకు వదులవుతాయి కనుక వాటిని మాత్రమే నమ్మకుండా, ట్రాకుల నాలుగు వైపులా డెక్కుకు స్టాపర్లు (కదలకుండా ఆపే ఉక్కు దిమ్మలు) వెల్డింగు చేయించండి. వెల్డింగుకు ముందు కింది ట్యాంకులో గ్యాసు లేదని పరీక్షించాలి. గొట్టాలు దొర్లకుండా పక్కల ఊతాలు పెట్టాలి.

ఇక లాగుడు సామాను. బార్జి ముందు రెండు మూలల నుంచి వచ్చి లాగుడు వైరుకు కలిసే రెండు పాయల కట్టు, అంటే బ్రైడిల్, ఫెయిర్‌లీడ్ (అంచున దాన్ని దారిలో ఉంచే బిగింపు) దగ్గర ఒరుసుకుంటుంది కాబట్టి అక్కడ గొలుసే ఉండాలి. మీ టగ్గు శక్తికి లాగుడు వైరు తెగే బలం దాని మూడు రెట్లు, అంటే 90 టన్నులు ఉండాలని లెక్క. షాకిళ్ల (వైరునూ గొలుసునూ కలిపే ఉక్కు కొక్కేలు) మీది నంబర్లను సర్టిఫికెట్లతో సరిపోల్చండి. అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది అత్యవసర వైరు. దాన్ని ముందే బార్జికి తగిలించి, పక్క వెంట తేలికపాటి కట్లతో అమర్చి, చివర తేలే తాడూ బోయా కట్టి వెనుక నీళ్లలో వదలాలి. అసలు వైరు తెగితే టగ్గు ఆ బోయాను అందుకుని మళ్లీ లాగగలుగుతుంది. అది లేకుండా బయలుదేరడానికి నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

కళింగపట్నం తీరవాసి:

సరంగుగారు సామాను గురించి వివరంగా చెప్పారు. నేను మత్స్యకార కుటుంబం నుంచి వచ్చినవాడిని కనుక మా వైపు మాట చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధానికి ముందు ఫిబ్రవరిలో వస్తున్నారు గనుక, దారి పొడవునా రాత్రిపూట వలలు, ఫైబర్ పడవలు ఉంటాయి. లాగుడు పొడవు 200 మీటర్లు దాటితే టగ్గు స్తంభం మీద నిలువుగా మూడు తెల్ల దీపాలు, వెనుక పసుపు దీపం, పగలు డైమండ్ గుర్తు ఉండాలని నియమం. కానీ చిన్న పడవవాడికి టగ్గు వేరు, బార్జి వేరుగా కనిపించి, రెండింటి మధ్య నుంచి దాటబోయే ప్రమాదం ఉంది. మత్స్యశాఖ ద్వారా చింతపల్లి నుంచి భావనపాడు దాకా ఊరూరా ముందుగా చాటింపు వేయించండి. బార్జి దీపాలు రెండు రాత్రులకు సరిపడా వెలగాలి. చింతపల్లి ఎదుట సముద్రంలో ఉన్న రాళ్లకు బాగా దూరంగా దారి గీయించండి.

టెక్కలి ఇంజనీరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఊళ్లకు కబురు పంపాలన్న ఆలోచన మాకు తట్టలేదు. బయలుదేరాలా వద్దా అన్నది ఎలా నిర్ణయిస్తారు? చేరేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

భీమిలి సరంగు:

ఎంత గాలి, ఎంత ఎత్తు కెరటం వరకు వెళ్లవచ్చో సర్వేయరుతో ముందే కాగితం మీద రాయించుకోండి. అద్దె రోజులు పెరుగుతున్నాయన్న ఒత్తిడి మొదలయ్యాక ఆ అంకె మారకూడదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం సమాచారంతో పాటు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల అంచనా చూడండి. ఇక్కడ గాలి లేకపోయినా దూరం నుంచి వచ్చే పొడవాటి కెరటం వైరును గుంజుతుంది. టగ్గు హుక్కును తక్షణం విడిపించే ఏర్పాటును మీ ఎదుటే పరీక్షించమనండి, ఎందుకంటే వైరు పక్కకు తిరిగి లాగితే టగ్గే బోర్లాపడుతుంది.

తీరం దగ్గరపడి లోతు తగ్గేకొద్దీ వైరు పొడవు తగ్గించాలి. లేకపోతే దాని నడుమ భాగం నేలకు తగిలి చిక్కుకుంటుంది. చీకట్లో చేరితే లోతు నీళ్లలోనే ఆగి, తెల్లవారాకే లోపలికి తేవాలి. అలా ఆగడానికి, అవసరమైతే విశాఖకు తిరిగి పోవడానికి కూడా చాలినంత డీజిలు టగ్గులో ఉందో లేదో బయలుదేరే రోజున మీరే అడిగి చూసుకోండి.