60 వేలలో స్ట్రాట్: పార్టులు తెచ్చి కట్టుకోవాలా, తయారైనది కొనాలా?

కాకినాడ_కార్డ్స్:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారంలో ఉండే చవక ఎలక్ట్రిక్ గిటార్. నేర్చుకోవడానికి బాగానే పనికొచ్చింది. ఇప్పుడు కాస్త లావు నెక్ (వేళ్ళు నొక్కే పొడవాటి కాడ) కావాలి. తీగల మోతను పట్టే పికప్‌లలో, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర హంబకర్ (రెండు కాయిళ్ళది), మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్స్ (ఒక్కో కాయిల్‌వి) కావాలి. బడ్జెట్ 60 వేలు. బాడీ ఒకచోట, నెక్ ఒకచోట, పికప్‌లు ఇంకోచోట కొని నేనే బిగించుకుందామని ఉంది. మా గిటార్ మాస్టారు మాత్రం "ఆ డబ్బుతో కంపెనీది కొనుక్కుని హాయిగా వాయించుకో" అంటున్నారు. ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

టంకం_పొగ:
తమ్ముడూ, కట్టుకో. ఫెండర్ డిజైన్ అసలు విప్పి బిగించడానికి వీలుగానే పుట్టింది. లియో ఫెండర్ రేడియోలు రిపేరు చేసిన మనిషి. పాడైన నెక్ తీసి కొత్తది పెట్టుకోవచ్చని 1950 నాటి తొలి గిటార్లకే జిగురు వాడకుండా నెక్‌ను నాలుగు స్క్రూలతో బిగించాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి. ఆ బాడీ ఆకారాలకు ట్రేడ్‌మార్క్ కావాలని ఫెండర్ కంపెనీ అడిగితే 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు ఒప్పుకోలేదు. కాబట్టి బాడీలు చేసి అమ్మేవాళ్ళకు కొదవ లేదు.

రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 1978 నాటి మొదటి ఆల్బమ్‌లో వాయించిన గిటార్ 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ తెచ్చి కలుపుకున్నదే. పికప్ తన గిబ్సన్ కంపెనీ గిటార్ నుంచి పీకి పెట్టాడు. మరో పేరున్న గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ గిటార్ 'బ్లాకీ' మూడు పాత స్ట్రాట్‌ల నుంచి బాగున్న భాగాలు ఏరి కట్టినది. 2004లో వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. నీకు కావలసిన నెక్, నీకు కావలసిన పికప్‌లు ఉన్న గిటార్ ఏ షాపులోనూ వేలాడుతూ ఉండదు.

ఫ్రెట్_రంపం:
హైదరాబాద్‌లో గిటార్ల రిపేరు పని చేస్తుంటాను. ఇలా కట్టుకుని, ఎక్కడో చిక్కుపడి నా దగ్గరికి తెచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ మాస్టారు చెప్పింది కొట్టిపారేయకండి.

పైన చెప్పిన రెండు గిటార్లూ నిజమే, కానీ రెండూ ఒక కోవకు చెందినవి కావు. బ్లాకీకి వాడినవి మూడూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, 1950ల నాటి గిటార్లు. కొలతలు ముందే కలిసి ఉన్నాయి. వాన్ హేలెన్‌ది అసలైన కలగలుపు. అందులో ఏమైందో చూడండి. హంబకర్ పట్టడానికి బాడీని ఆయనే తొలవాల్సి వచ్చింది. గిబ్సన్ పికప్‌లో పోల్ పీసుల (ఒక్కో తీగ కింద ఉండే లోహపు మొనల) మధ్య దూరం తక్కువ, ఫెండర్ బ్రిడ్జి మీద తీగల మధ్య దూరం ఎక్కువ. తీగలు పోల్ పీసుల మీదకు రావాలని పికప్‌ను ఏటవాలుగా పెట్టాడు. ఫొటోల్లో కనిపించే ఆ వంకర ముచ్చట కోసం పెట్టింది కాదు. ఇప్పుడు ఆ తేడా కోసం ప్రత్యేకంగా 'ఎఫ్ స్పేస్' హంబకర్లు అమ్ముతున్నారు. మీరు తీసుకుంటే అదే తీసుకోండి.

ఇక ఎక్కువమంది చిక్కుకునేది బ్రిడ్జి దగ్గర. పాతకాలపు ఆరు స్క్రూల బ్రిడ్జిలో రెండు చివరి తీగల మధ్య దూరం సుమారు 56 మి.మీ. కొత్త మోడళ్ళలో చాలావాటికి 52 మి.మీ. చిల్లర. సన్నని నెక్‌కు 56 బ్రిడ్జి పెడితే వేలు కాస్త లాగగానే అన్నిటికన్నా సన్నని తీగ (సన్న ఇ) ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద వేళ్ళు నొక్కే పలక) అంచు దాటి జారిపోతుంది. ఆ గిటార్‌ను ఎంత సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) చేసినా లాభం ఉండదు.

స్కేల్ పొడవు (తీగ మోగే పొడవు) కూడా చూసుకోవాలి. ఫెండర్‌ది 25.5 అంగుళాలు, గిబ్సన్‌ది 24.75. నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే ముక్క) నుంచి 12వ ఫ్రెట్‌కు (నెక్ మీది అడ్డ కడ్డీల్లో 12వది) ఎంతో, అక్కడి నుంచి బ్రిడ్జికి ఇంచుమించు అంతే ఉండాలి. ఫెండర్ కొలతలో అది 323.85 మి.మీ. 24.75 నెక్ స్ట్రాట్ బాడీకి పెట్టుకోవాలంటే దానికోసమే చేసిన కన్వర్షన్ నెక్ ఉండాలి. మామూలుది పెడితే శ్రుతి ఎక్కడా కుదరదు.

వీటికి తోడు పార్టుల లిస్టులో ఎవరూ రాసుకోని ఖర్చు ఒకటుంది. కొత్త నెక్ ఎంత మంచిదైనా నట్‌లో తీగల గాళ్ళు కోయాలి, ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకు లెవెల్ చేయాలి. గిటార్ చేతికి హాయిగా ఉండేది అక్కడే. కంపెనీ గిటార్‌లో ఆ పని ధరలోనే కలిసి ఉంటుంది.

టంకం_పొగ:
అన్నా, కొలతల గురించి మీరు చెప్పిన ప్రతి ముక్కా ఒప్పుకుంటాను. చివరి మాట దగ్గరే తేడా. 60 వేల లోపు కంపెనీ గిటార్లు పెట్టెలోంచి తీస్తే ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకోవడం ఎంత మామూలో మీకు నాకంటే బాగా తెలుసు. వాటికీ సెటప్ డబ్బులు ఇస్తూనే ఉన్నాం కదా. పైగా తమ్ముడికి కావలసినది లావు నెక్. దాన్ని ఏ సెటప్‌తోనూ తేలేం.

వైరింగ్ గురించి ఒక మాట. సింగిల్ కాయిల్స్‌కు 250కె (కిలోఓమ్‌ల) పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు, వాడతాం, హంబకర్‌కు 500కె. పాట్ విలువ తగ్గేకొద్దీ పికప్ పైస్థాయి మెరుపును అది మింగేస్తుంది. రెండూ ఉన్న గిటార్‌లో 500కె పెట్టి, సింగిల్ కాయిల్స్ మాత్రమే మోగేటప్పుడు అదనపు రెసిస్టర్ కలిసేలా స్విచ్ వైరింగ్ చేసుకోవచ్చు. నీ చెవికి నచ్చే విలువ నువ్వే పెట్టుకో.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ వార్మత్ (గిటార్ పార్టులు అమ్మే అమెరికా కంపెనీ) వాళ్ళ నెక్‌తో నేనొకటి కట్టుకున్నాను. నెక్ వెనుక లావు ఎంత ఉండాలో ఎంచుకునే వీలుంది, ఆ సుఖం వేరు. ఇండియాకు తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ ముందే లెక్కలో వేసుకోండి. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు అని భయపడేవాళ్ళకు: 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ సైటిస్ (అరుదైన జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు అడిగారు, కానీ 2019 నవంబరు నుంచి, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌వి తప్ప, తయారైన వాయిద్యాలకూ వాటి భాగాలకూ మినహాయింపు ఇచ్చారు.

అమ్మే ఆలోచన ఉంటే మాత్రం కట్టొద్దు. కలిపి కట్టిన గిటార్‌కు పార్టుల ఖరీదు కూడా రాదు. నాది నేను అమ్మను, అందుకని నాకు బాధ లేదు.

కాకినాడ_కార్డ్స్:
అమ్మే ఉద్దేశం నాకూ లేదండి. ఒక సందేహం. ఉన్న గిటార్ బాడీ, బ్రిడ్జి అలాగే ఉంచి నెక్, పికప్‌లు మాత్రం మార్చుకుంటే? బాడీలో హంబకర్‌కు చోటు ముందే ఉంది.

ఫ్రెట్_రంపం:
మీరు మొదట అడిగిన దానికంటే ఇది చాలా మంచి ఆలోచన. బడ్జెట్‌లో పెద్ద వాటా నెక్‌కు, ఫ్రెట్ పనికి పెట్టండి. బాడీ కొత్తది కొనడం దండగ అని నా గట్టి అభిప్రాయం.

టంకం_పొగ:
బాడీ దండగ అంటే ఒప్పుకోను అన్నా. తేలికైన బాడీ మెడలో వేసుకుని గంటలకొద్దీ నిలబడి వాయిస్తే ఆ తేడా భుజానికి తెలుస్తుంది. అది తర్వాతైనా కొనుక్కోవచ్చు అనుకో. తమ్ముడూ, నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గాడి) కొలిచావా?

కాకినాడ_కార్డ్స్:
వెర్నియర్‌తో కొలిచాను. వెడల్పు 56.2 మి.మీ. లోతు 15.8. చివరి తీగల మధ్య దూరం బ్రిడ్జి దగ్గర 52.5.

ఫ్రెట్_రంపం:
నిక్షేపంగా సరిపోతుంది. ఫెండర్ కొలత నెక్ మడమ (పాకెట్‌లో కూర్చునే చివర) వెడల్పు 2 3/16 అంగుళాలు, అంటే 55.56 మి.మీ. పక్కల అర మిల్లీమీటరు ఖాళీ ఉన్నా నష్టం లేదు, నెక్‌ను పట్టి ఉంచేది స్క్రూల బిగింపు. మీ బాడీ స్క్రూ రంధ్రాల మధ్య దూరం ఫెండర్‌తో కలవకపోవచ్చు కాబట్టి, రంధ్రాలు వేయని నెక్ తెప్పించుకోండి. దాన్ని పాకెట్‌లో క్లాంప్‌తో పట్టించి, రెండు చివరి తీగలూ కట్టి చూడండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచుల నుంచీ తీగలు సమానదూరంలో ఉంటేనే రంధ్రాలకు గుర్తు పెట్టండి. బాడీలో రంధ్రం స్క్రూ కంటే వదులుగా, నెక్‌లో బిగువుగా ఉండాలి. బాడీలో కూడా మరలు పట్టుకుంటే నెక్ పాకెట్ అడుగుకు ఆనదు.

ఇంకొకటి, మీది సముద్రం ఒడ్డు ఊరు, గాలిలో తేమకు చెక్క వంగుతుంది. రంధ్రాలు వేసే ముందు నెక్‌ను కొన్ని వారాలు ఇంట్లోనే ఉంచి, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) చూసుకుని ఆ తర్వాత మొదలుపెట్టండి. ఫ్రెట్ లెవెలింగ్ ఆ తర్వాతే.