మతం వల్లే వెనకబడ్డామా? ఆఫీసులో మొదలైన మాట, తెలిసినవాళ్ళు చెప్పండి

ఉదయగిరి_కుర్రోడు

అందరికీ నమస్కారం, సలాం. మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఇప్పుడు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నా. మొన్న భోజనాల దగ్గర మా సీనియర్ ఒకాయన "ఏమనుకోవద్దబ్బయా, మీవాళ్ళు ఎక్కడ చూసినా ఇంతే, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, బిర్యానీ సెంటరు, అంతకుమించి పోరు, మీ మతమే మిమ్మల్ని పైకి రానివ్వదు, వడ్డీ వద్దంటారు, ఆడపిల్లల్ని బయటికి పంపరు, ఇంక అభివృద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది" అన్నాడు. చెడ్డాయన కాదు, నాకు పని నేర్పిందే ఆయన. అందుకే నవ్వి ఊరుకున్నా. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి కారణం కోపం కాదు, అందులో సగం నిజమేనేమో అనిపించడం. మా ఫుప్పు, అంటే మేనత్త, ముప్పై ఏళ్ళుగా చెక్క గరిటెలు చేస్తోంది. పొద్దున వంట అయ్యాక కూర్చుంటే అసర్, అంటే సాయంత్రం ముందు చేసే నమాజు, దాకా ఆకురాయితో రుద్దుతూనే ఉంటుంది, బొటనవేలు కాయకాసి గట్టిపడిపోయింది. ఉదయగిరి గరిటెలకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చేది) కూడా వచ్చింది, ఎగ్జిబిషన్లలో పెడతారు. కానీ ఎవరైనా లెక్కలు రాసుకోడానికి వస్తే ఆమెని "గృహిణి" అని రాసుకుపోతారు. ఆమె పేరున ఇప్పటిదాకా బ్యాంకు ఖాతా లేదు. ఇది మతం వల్లా, పేదరికం వల్లా, లేక మా ఊరు అలాంటిది కాబట్టా? చదువుకున్నవాళ్ళు చెప్పండి. మతాన్ని తిట్టడానికో పొగడటానికో అయితే మాత్రం వద్దు, దానికి వేరే గ్రూపులు చాలా ఉన్నాయి.

కావలి_పాతలెక్చరర్

బాబూ, మీ సీనియర్ అన్నమాట కొత్తదేం కాదు, వందేళ్ళు దాటిన వాదన. మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుడు 1904-05లో ఒక సిద్ధాంతం రాశాడు. యూరప్‌లో పెట్టుబడిదారీ విధానం ఎదగడానికి ప్రొటెస్టెంట్ల పొదుపు, పనిని దైవసేవలా చూసే అలవాటు ఒక కారణమని. తర్వాత చైనా గురించీ మన దేశం గురించీ రాస్తూ చైనా పాత తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ సంప్రదాయంలో, హిందూ మతంలో అలాంటిది దానంతట అది పుట్టే వీల్లేదన్నట్టు తేల్చాడు. మరి ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్లు ఎక్కడివి? కొరియా, తైవాన్, చైనా పైకొచ్చాక అదే కన్‌ఫ్యూషియస్ పుణ్యమా అని పైకొచ్చారంటూ మళ్ళీ రాశారు. ఓడితే అదే కారణం, గెలిచినా అదే కారణం అంటే అది కారణం కాదయ్యా, క్రికెట్ కామెంటరీ.

అలాగని మతానికీ డబ్బుకీ సంబంధమే లేదని నేననను. తిమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త ఉన్నాడు (ఆయన ఇంటిపేరే అది, గ్రంథం పేరు కాదు), అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. ఆయన వాదన నాకు కొంత నచ్చింది, ఎందుకంటే "మనస్తత్వం" అని ఊరుకోకుండా చట్టాల్లోకి వెళ్ళాడు. పాతకాలపు ఇస్లామిక్ న్యాయం ప్రకారం వ్యాపార భాగస్తుల్లో ఒకడు పోతే ఆ భాగస్వామ్యం అక్కడితో సరి. ఆస్తేమో భార్యకీ, తల్లిదండ్రులకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ ఇంత ఇంత అని పంచాల్సిందే. వాటాదారులు ఎక్కువైన కొద్దీ కలిసి నడపడం కష్టం. కాబట్టి వర్తకులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సరుక్కో ఒక ప్రయాణానికో ఒప్పందం చేసుకుని లెక్క తేల్చేసేవాళ్ళు. యూరప్‌లో అప్పటికి కంపెనీ అనే చావులేని మనిషి పుట్టాడు. 1600లో పెట్టిన ఈస్టిండియా కంపెనీ, వాటాదారులు తరాలకి తరాలు పోయినా 1874 దాకా బతికే ఉంది.

ఇక్కడ నాకు తమాషాగా అనిపించేదేంటంటే, ఆ వారసత్వ చట్టం చెడ్డ ఉద్దేశంతో పెట్టింది కాదు, న్యాయం కోసం పెట్టింది. కొడుకు వాటాలో సగమైనా కూతురికి ఖచ్చితంగా ఇవ్వాలని ఏడో శతాబ్దంలో రాసుకున్నారు. ఉమ్మడి ఆస్తిలో హిందూ ఆడపిల్లకి సమాన వాటా మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 1985లో, దేశమంతటికీ 2005లో. న్యాయం కోసం పంచిన పంపకమే పెట్టుబడిని ముక్కలు చేసిందన్నమాట.

కానీ బాబూ, ఇదంతా మధ్యయుగాల కథ. టర్కీని ఏలిన ఒట్టోమాన్ సుల్తానులే 1850లో ఫ్రాన్స్ వాళ్ళని చూసి వాణిజ్య చట్టం తెచ్చుకున్నారు. మన దేశంలో ఏ మతం వాడైనా వెళ్ళి కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. మీ ఫుప్పు గరిటెలకి ఆ వాదన అంటదు.

అసలు పరీక్ష ఏంటంటే ఒకే మతం ఉన్న రెండు చోట్లని పక్కపక్కన పెట్టి చూడటం. 1971 దాకా పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఒకే దేశం. బంగ్లాదేశ్‌లో కుటుంబ నియంత్రణ కోసం ఆడ కార్యకర్తల్నే ఇంటింటికీ పంపారు, 1994 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి దేశమంతా స్టైపెండ్ ఇచ్చారు, బట్టల ఫ్యాక్టరీల్లో లక్షలమంది ఆడవాళ్ళు చేరారు. 1970ల్లో ఒక్కో తల్లికి ఆరుగురికి పైగా పిల్లలుండే చోట ఇప్పుడు ఇద్దరికి దగ్గరగా ఉంది. పాకిస్తాన్ ఈ విషయంలో చాలా వెనక. ఖురాన్ రెండు చోట్లా ఒకటే కదా.

మనదేశం సంగతీ అంతే. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన రిపోర్టులో 2001 లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, మొత్తం జనాభాది 65.1. వెనకబాటే. అదే మన ఉమ్మడి రాష్ట్రంలో చూస్తే ముస్లింలది 68, రాష్ట్రం సగటు 61 లోపే. ఇక్కడివాళ్ళు ఎక్కువగా పట్నాల్లో, బడి దగ్గర్లో ఉన్న చోట ఉన్నారు, అంతే తేడా. ఈ సంగతి మీ సీనియర్‌కి చెప్పు, నమ్మడు.

స్టోన్‌హౌస్‌పేట_షాపు

సార్ క్లాసు బ్రహ్మాండం, కానీ నెల్లూరోడికి అర్థమయ్యేట్టు నేను చెప్తా. ఈ జిల్లాలో డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా? ముందు పెన్నా కింద మాగాణి, తర్వాత సముద్రం పక్కన రొయ్యల గుంటలు. మాగాణి ఎవరికుంది, తీరంలో పొలం ఎవరికుంది? రొయ్యలు వేసి మేడలు కట్టినోళ్ళని ఏ దేవుడికి మొక్కావని ఎవుడూ అడగలేదే. సాయిబులు ఉండేది టౌన్లో, లేకపోతే ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో. మెట్ట రెడ్డి కూడా వలస పోయినోడే, ఆయన్ని మాత్రం మతం అడ్డుపడిందని ఎవరూ అనరు.

వడ్డీ సంగతికొస్తే, మా పక్క షాపు భాయ్ బ్యాంకు వడ్డీ ముట్టడు, హరామ్ అంటాడు. ఆయన చీటీ ఎత్తితే నేను బంగారం తాకట్టు పెడతా. ఇద్దరం అప్పుల్లోనే ఉన్నాం, ఎవరి మతమూ ఎవరినీ కాపాడలే. ఇంకోటి, ఆయన ఒకసారి లోను కావాలనే పోయాడు, ఏదో యంత్రం కొందామని. ఏరియా పేరు చూసి మేనేజరు నసిగాడు. ఇట్లా ఏరియాలకి ఎర్రగీత గీసే బ్యాంకులున్నాయని సచార్ రిపోర్టులో కూడా ఉందని ఎక్కడో చదివినట్టు గుర్తు, సార్ చెప్పాలి.

సంస్కృతి అంటారా, మొహర్రంలో స్వర్ణాల చెరువు కాడికి రండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో నీళ్ళల్లో దిగి రొట్టెలు మార్చుకునే ఆడవాళ్ళలో బొట్టు ఉన్నోళ్ళెంతమందో లేనోళ్ళెంతమందో లెక్కపెట్టండి. అందరూ అడిగేది ఒకటే, ఉద్యోగ రొట్టె, వీసా రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరితే మళ్ళా ఏడాది వచ్చి రొట్టె తిరిగివ్వాల. అభివృద్ధి వద్దనుకునేవాడు ఆ చెరువులో ఒక్కడు కూడా నాకు కనపళ్ళే.

ఒంగోలు_టీచర్

తమ్ముడూ, పై ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ తప్పంతా చరిత్ర మీదా బ్యాంకుల మీదా నెట్టేసి మనం హాయిగా పడుకుంటామేమో అని భయంగా ఉంది. నేనూ ముస్లింనే, ప్రభుత్వ హైస్కూల్లో పాఠాలు చెప్తాను, అందుకని కాస్త చేదుగా మాట్లాడతా, ఏమనుకోవద్దు.

సభల్లో ఏం చెప్తాం మనం? వహీలో, అంటే ప్రవక్తకి దేవుడి నుంచి వచ్చిన సందేశంలో, మొదటి మాటే "ఇఖ్రా", చదువు అని. హజ్రత్ ఖదీజా పెద్ద వ్యాపారి, ప్రవక్త ఆమె సరుకు తీసుకుని సిరియా వెళ్ళారని. ఇంటికొచ్చి పదో తరగతి పాసైన పిల్లకి సంబంధాలు చూస్తాం. నా క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల వాళ్ళ నాన్న దగ్గరికి మూడుసార్లు పోయాను. ఆయన మతం గురించి ఒక్క మాట అనలేదు తెలుసా. "కాలేజీ దూరం మేడమ్, బస్సు లేటైతే నాకు టెన్షన్, పైగా ఇంటర్ చదివిస్తే డిగ్రీ చదివినవాణ్ణి తేవాలి, వాడు జహేజ్ (కట్నం) ఎంత అడుగుతాడో" అన్నాడు. ఈ జహేజ్ ఏ కితాబులో ఉంది? నిఖాలో మగవాడు ఆడదానికి మెహర్ ఇవ్వాలని ఉంది. కట్నం మనం ఇక్కడి ఇరుగుపొరుగుని చూసి నేర్చుకున్నది, మెహర్‌ని మాత్రం కాగితం మీద ఒక అంకెగా వదిలేశాం. మతంలో ఉన్నది చేయం, లేనిది చేస్తాం, ఆపైన బయటివాడు మన మతాన్ని అంటే నొచ్చుకుంటాం.

లెక్చరర్ సార్ వారసత్వం గురించి అంత బాగా రాశారు కదా, మా ఇంట్లో జరిగింది వినండి. మా నాన్న పోయాక షరీయత్ ప్రకారం నాకు రావాల్సిన వాటా ఎంతో మా అన్నలకి బాగా తెలుసు. ఒక్క కాగితం తెచ్చారు, "పుట్టింటి తలుపు తెరిచి ఉండాలంటే సంతకం పెట్టు" అని అమ్మ చేతే చెప్పించారు. పెట్టేశాను. నా హిందూ కొలీగ్ కూడా 1985 చట్టం ఉన్నా అచ్చం ఇలాగే సంతకం పెట్టింది. ఆ రోజు స్టాఫ్ రూములో ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక మదర్సాల గురించి టీవీల్లో ఊదరగొడతారు గానీ సచార్ రిపోర్టు ప్రకారం బడికెళ్ళే ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో ఉండేది నూటికి ముగ్గురు, నలుగురే. అదే రిపోర్టులో పనిచేసే ఆడవాళ్ళ లెక్కా ఉంది, అందరిలో 44 శాతం, ముస్లిం ఆడవాళ్ళలో 25. మీ ఫుప్పు ఇందులో ఏ వైపు పడిందో ఊహించుకో. ఇంట్లో కూర్చుని చేసే పని పనిగా ఎవరికీ కనపడదు, ఇంట్లో మగవాళ్ళకి అసలు కనపడదు.

పని జరిగిన చోట ఎలా జరిగిందో కూడా చెప్తా. మా నాన్న చదివింది కర్నూలు ఉస్మానియా కాలేజీలో, 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు పెట్టింది. కేరళలో 1964లో డాక్టర్ పి.కె. అబ్దుల్ గఫూర్ ఎం.ఇ.ఎస్. (ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ) మొదలుపెట్టారు, ఇవాళ దాని కింద కాలేజీలు, మెడికల్ కాలేజీ ఉన్నాయి. జకాత్, అంటే ఉన్నవాళ్ళు తప్పక ఇవ్వాల్సిన దానం, ఏడాదికి రెండున్నర శాతం తీయాలి, చాలామంది తీస్తారు కూడా, కాదనను. కానీ మా వీధిలో అది రంజాన్‌లో చీరలు, బియ్యం సంచులుగా పోతుంది. ఆ నాన్న చెప్పిన కాలేజీకి ఒక ఆటో మాట్లాడి ఏడాది పొడుగునా నడిపితే ఎంతవుతుందో లెక్క వేశాను, మసీదు కమిటీకి ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. రెండు రంజాన్లు పోయాయి.

కావలి_పాతలెక్చరర్

అమ్మా, నా పోస్టులో లేని సగం మీరు రాశారు. షాపు అబ్బాయ్, నీకు గుర్తున్నది కరెక్టే, కొన్ని బ్యాంకులు కొన్ని ముస్లిం ప్రాంతాల్ని లోన్లు ఇవ్వకూడని చోట్లుగా గుర్తు పెట్టుకున్నాయని ఆ రిపోర్టు చెప్పింది. ఇంకో మాట కూడా అందులోదే. దేశంలో రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు (ధర్మానికి రాసిచ్చినవి) 4.9 లక్షలు, వాటి మీద ఏడాదికి వస్తున్నది 163 కోట్లు. సరిగ్గా వాడితే 12,000 కోట్లు రావచ్చని అంచనా వేశారు. అవి 2006 నాటి అంకెలు. టీచరమ్మ అడిగిన ఆటో అందులో ఎన్నో వంతో లెక్కవేయడానికి నా క్యాలిక్యులేటర్ చాలదు.

ఒక్క చోట మాత్రం మీతో విభేదిస్తా. కట్నం ఇరుగుపొరుగుని చూసి నేర్చుకున్నాం అన్నారు, ఇరుగుపొరుగు మేమే కాబట్టి సిగ్గుపడుతున్నా, కానీ నేర్పింది మేమైనా వదలకుండా పట్టుకున్నది పెళ్ళికొడుకుల తల్లిదండ్రులే, అన్ని మతాల్లోనూ.

ఉదయగిరి_కుర్రోడు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం ఊరికి పోయి ఫుప్పుకి ఇదంతా చదివి వినిపించా. వెబర్ దగ్గర ఆవలించింది. టీచర్ అక్క సంతకం సంగతి వచ్చేసరికి ఆకురాయి పక్కన పెట్టి, మళ్ళీ చదవమంది. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "గరిటె డజను ఎంతకి పోతోందో నాకు తెలీదు, మీ ఫుప్పా చెప్పిందే లెక్క, అది ఎవరూ రాయలేదేం" అంది. ఫుప్పా, అంటే ఆమె భర్త, పక్కగదిలోనే ఉన్నాడు, దగ్గాడు.

సీనియర్‌కి అక్షరాస్యత అంకెలు చూపించా, సార్ చెప్పినట్టే నమ్మలేదు, "అది హైదరాబాద్ వల్ల" అన్నాడు. అంటే ఊరుని బట్టి అని ఒప్పుకున్నట్టే కదా అంటే, టీ తాగుదాం పద అన్నాడు.

ఇప్పుడు చిన్న సాయం కావాలి. ఫుప్పు పేరున పోస్టాఫీసులో ఖాతా తెరుద్దామని పోతే ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు పడిందని తేలింది, ఆమె కంటే ఆమె పెద్ద కొడుకు మూడేళ్ళే చిన్న. బడికి పోలేదు కాబట్టి సర్టిఫికెట్ ఏదీ లేదు. ఇలాంటివాళ్ళకి ఏ కాగితం పెడితే సరిచేస్తారో ఎవరైనా చేయించినవాళ్ళుంటే చెప్పగలరా?