మూడుసార్లు చదివినా పరీక్ష హాల్లో గుర్తుకు రాదెందుకు?

చదువరి:
గ్రూప్-2కి చదివేవాళ్లలో తరచూ కనిపించే ఇబ్బంది ఇది. పాలిటీ (రాజ్యాంగం, పాలన) మొత్తం రెండు మూడుసార్లు తిరగేస్తారు, ముఖ్యమైన లైన్ల కింద గీతలు గీస్తారు. పుస్తకం తెరిస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. ప్రశ్నపత్రం చేతికొచ్చాక మాత్రం పంచాయతీలది రాజ్యాంగంలో 11వ షెడ్యూలా, 12వ షెడ్యూలా అని తడబాటు. జ్ఞాపకశక్తి లోపమా, చదివే పద్ధతి తప్పా? ఆరు నెలల టైముంటే ఎలా చదవాలో కాస్త లెక్కతో సహా చెప్పగలరా?

నల్లబల్ల:
జ్ఞాపకశక్తి లోపమేం కాదండీ. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. రెండోసారి చదివేటప్పుడు కళ్లు ఎక్కడా ఆగవు. ఆ సాఫీతనాన్నే మనసు 'వచ్చేసింది' అనుకుంటుంది. కష్టం లేకుండా జరిగేదాన్ని నమ్మడం మనిషి స్వభావం, చదువులో దెబ్బతీసేది అదే.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత తారుమారైంది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. అంతకుముందు 'వారం తర్వాత ఎంత గుర్తుంటుంది' అని అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా ఉన్నది చదివినవాళ్లే!

కాబట్టి అధ్యాయం అవగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయండి. ఉదాహరణకు పైన '73వ సవరణ' (పంచాయతీలది) అని రాసి కింద గుర్తున్నదంతా: 1992 చట్టం, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు, 9వ భాగం, 243వ అధికరణం నుంచి, 11వ షెడ్యూలు, 29 అంశాలు. ఎక్కడైనా ఆగిపోతే వెంటనే పుస్తకం తెరవొద్దు. అర నిమిషమైనా వెతుక్కోండి, ఆ వెతుకులాటే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుంది. చివర్లో ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం మాత్రం మానకూడదు. దిద్దకపోతే రాసిన తప్పే మనసులో నాటుకుంటుంది.

గోదారిగట్టు:
పైన చెప్పినదానికి విరామాల లెక్క కలపాలి. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల వరుసలు తనే బట్టీపట్టి, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసొస్తుందో కొలిచి 1885లో ప్రచురించాడు. కలిసొచ్చిన శ్రమ గంట తర్వాత 44 శాతం, ఒక రోజు తర్వాత 34, నెల తర్వాత 21. అర్థమున్న పాఠం ఇంత త్వరగా జారదు. కానీ మొదట్లో నిట్టనిలువుగా పడి, తర్వాత నెమ్మదించే తీరు మనందరిదీ. అందుకే మొదటి రివిజన్ మర్నాడే చెయ్యాలి.

ఆ తర్వాత విరామం పెంచుతూ పోవాలి. 2008లో వెయ్యిమందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధనలో, వారం తర్వాత జరిగే పరీక్షకు ఒక రోజు విరామం, దాదాపు ఏడాది తర్వాత జరిగేదానికి మూడు వారాల విరామం బాగా పనిచేశాయి. పరీక్ష ఎంత దూరముంటే విరామం అంత సాగాలన్నమాట.

దీనికి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసుకున్న కార్డులు, ఐదు అట్టపెట్టెలు చాలు. కొత్త కార్డు ఒకటో పెట్టెలో మొదలవుతుంది. ఒకటోది రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి, ఐదోది నెలకి తెరవాలి. చెప్పగలిగిన కార్డు పక్క పెట్టెలోకి, చెప్పలేనిది ఎక్కడున్నా సరే తిరిగి ఒకటో పెట్టెలోకి. కార్డుకి ఒకే ప్రశ్న ఉండాలి. ఐదు పాయింట్లు ఒకే కార్డు మీద ఎక్కిస్తే మూడు చెప్పి 'వచ్చిందిలే' అని ముందుకు తోసేస్తాం.

పద్యప్రియ:
11, 12 షెడ్యూళ్ల తడబాటు మరుపు కాదు, కలగలుపు. ఆ షెడ్యూళ్లను తెచ్చిన 73, 74వ సవరణలు రెండూ 1992 నాటివే, రెండూ 1993లోనే అమల్లోకి వచ్చాయి. వేర్వేరు రోజుల్లో విడివిడిగా చదివితే ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకే కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు పంచాయతీలు (73, 11వ షెడ్యూలు, 29), కుడివైపు పురపాలికలు (74, 12వ షెడ్యూలు, 18) ఎదురెదురుగా రాయాలి. తేడా కళ్లకు కట్టాక ఏ సంఖ్య ఎవరిదో స్థిరపడుతుంది.

ఈ కిటుకులన్నీ మన అవధానంలోనే ఉన్నాయండీ. అష్టావధాని సాధారణంగా పద్యాన్ని ఒక్క ఊపులో చెప్పెయ్యడు. ఒక పృచ్ఛకుడికి (ప్రశ్న ఇచ్చినవారికి) ఒక పాదం చెప్పి తర్వాతివారి దగ్గరికి వెళ్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో అడ్డొస్తూనే ఉంటాడు. తిరిగొచ్చేసరికి పాత పాదాన్ని మనసులోంచి పైకి లాక్కుంటే గాని రెండోది కుదరదు. అలా నాలుగు ఆవృత్తాలు (చుట్లు) అయ్యాకే ధారణ, అంటే పద్యాలన్నీ గుర్తుతెచ్చుకుని ఒప్పజెప్పడం. పైగా పాదం దొరక్కపోతే పట్టుకుని లాగడానికి యతి, ప్రాస ఉంటాయి. మీ కార్డుకీ అలాంటి కొక్కెం ఒకటి ఉండాలి, ఒట్టి సంఖ్య నిలవదు.

చదువరి:
చాలా ఉపయోగపడిందండీ. రోజుకి ఎన్ని కొత్త కార్డులు పెట్టుకోవాలి? మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే? బిట్ బ్యాంకులు చేస్తే ఇదంతా అక్కర్లేదంటారు కొందరు, అది నిజమేనా?

గోదారిగట్టు:
ఇరవై. ప్రతి కార్డూ ఐదు పెట్టెలూ దాటాలి కాబట్టి కొన్ని వారాలకు రోజుకి వంద దాకా చేరతాయి. కార్డుకి పదిహేను సెకన్ల లెక్కన 25 నిమిషాలు. ఉత్సాహం కొద్దీ యాభైతో మొదలుపెడితే గంట దాటిపోతుంది, తప్పినవి వెనక్కి వస్తుంటే ఇంకా పెరుగుతుంది. నెల తిరక్కుండానే వదిలేసేది ఇలా మొదలుపెట్టినవాళ్లే.

తప్పిపోతే కొత్త కార్డులు ఆపెయ్యండి. పేరుకుపోయినవాటిలో ఒకటి, రెండు పెట్టెలు ముందు తీర్చండి. నాలుగు, ఐదు ఇంకో వారం ఆగినా పెద్ద నష్టం లేదు.

బిట్లు మంచివే, కానీ నాలుగు ఆప్షన్లూ కనిపిస్తుంటే మళ్లీ గుర్తుపట్టడమే అవుతుంది. ఆప్షన్లు చేత్తో మూసి, జవాబు పైకి చెప్పాకే చెయ్యి తియ్యండి. తప్పయిన ప్రతి బిట్టూ ఆ రోజే కార్డుగా మారి ఒకటో పెట్టెలో పడాలి.