కని నాకిచ్చెయ్ అని చెల్లిని అడిగాను. అడగొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి):
మా చెల్లికి ఇద్దరు పిల్లలు. చిన్నదాని కాన్పులో రక్తం ఆగలేదు, మరిది రాత్రంతా రక్తం కోసం తిరిగాడు. ఆ పిల్లకి ఇంకా ఏడాదిన్నరే. చెల్లికి ఇప్పుడు మళ్ళీ 11వ వారం. తీయించుకుంటానంటోంది. అత్తగారు పాపమంటున్నారు, మరిది తల దించుకుని కూర్చుంటున్నాడు.

నాకు పెళ్ళయి 9 ఏళ్ళు. పిల్లల్లేరు. పోయిన ఆదివారం వాళ్ళ పెరట్లో ఇద్దరం మునగాకు దూస్తున్నాం. అడిగేశాను: "తీయించకే. కని నాకిచ్చెయ్, నేను పెంచుకుంటాను." అది తలెత్తలేదు. ఆకు దూస్తూనే, "బిడ్డని నువ్వు తీసుకుంటావప్పా, ఆ నెలలు ఎవరు తీసుకుంటారు?" అంది. అప్పుడు చూశాను దాని గోళ్ళు. సుద్దముక్కల్లా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 7 అట, నాకు చెప్పనే లేదు.

ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. లోపలున్నది ప్రాణం కాదని నేను అనలేను. 9 ఏళ్ళుగా దానికోసమే మొక్కుకుంటున్నదాన్ని. కానీ ఒక ప్రాణం నిలబడడానికి ఇంకో మనిషి తన ఒంటిని ఎంతవరకు ఇవ్వాలి? ఇవ్వలేనంటే తప్పేనా? ఆసుపత్రికి తోడు రమ్మంటోంది. వెళ్ళనా?

రాయగడ, రిటైర్డ్ నర్సు:
ముందు చట్టం సంగతి. 1971 గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 18 నిండిన ఆడమనిషి తన సంతకం తను పెడితే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఈ మాట గట్టిగా చెప్పండి. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో మింగించకండి తల్లీ. 11వ వారంలో, అంత తక్కువ రక్తంతో, అది చాలా ప్రమాదం. పోయిన కాన్పులో రక్తం ఆగలేదన్న విషయం డాక్టరుకి మొదటే చెప్పండి.

జయపురం:
మా అన్నకి నేను కిడ్నీ ఇచ్చాను. ఇంట్లోవాళ్ళందరినీ బయటికి పంపి, నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి అడిగారు: "ఎవరైనా బలవంతం చేశారా? వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు." నేను కాదంటే మా అన్న పోతాడని అందరికీ తెలుసు. అయినా అడిగారు. మీ చెల్లిని అలా ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా?

బరంపురం:
తమ్ముడూ, కిడ్నీకీ దీనికీ పోలిక కుదరదు. మీ అన్న జబ్బుకి మీరు కారణం కాదు. బిడ్డ తనంతట తాను రాలేదు. పిలిచి తెచ్చుకున్న ప్రాణానికి మనం బాకీ పడతాం. ఆ అమ్మాయికి ప్రాణాపాయమంటే నేను ఒక్క మాట అనను. కాదంటే మాత్రం ఇంకోసారి ఆలోచించమంటాను. నాకూ మూడోది వద్దనిపించింది. కన్నాను. ఆ పిల్ల ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఎక్కాలు చదువుతోంది.

పర్లాకిమిడి (ప్రశ్న అడిగినావిడ):
బరంపురం అక్కా, మీ మాట దగ్గరే నేను రెండు రోజులు ఆగిపోయాను. చిన్నది పుట్టినప్పుడే మరిది ఆపరేషన్ చేయించుకుంటానన్నాడు. కోతలయ్యాక అన్నాడు, సంక్రాంతి వెళ్ళాక అన్నాడు. పిలిచింది ఇద్దరైతే, బాకీ మొత్తం దాని ఒంట్లోంచే ఎందుకు తీరాలక్కా? మీ పాప చల్లగా ఉండాలి. కంటానని మీరు అనుకుని కన్నారు. నేను మా చెల్లి చేత కనిపించబోయాను.

నిన్న వెళ్ళి నా మాట వెనక్కి తీసుకున్నాను. దాన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి, జయపురం తమ్ముడు చెప్పినట్టు ఒక్కదాన్నే అడిగాను. తీయించుకుంటానంది, ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మంగళవారం పొద్దున్నే వెళ్తున్నాం. పిల్లలిద్దరినీ మా ఆయన చూసుకుంటారు. చిన్నదానికి సీసా అలవాటు లేదు, గ్లాసుతోనే పాలు పట్టాలని చెల్లి రెండుసార్లు చెప్పింది.