హైవే మీద బంగారం, ఊర్లో ఆఫ్ అయిపోతాంది - నా వింటేజ్ 800కి ఏమైందో చెప్పండి

కర్నూలు 800:
అన్నలూ, పొద్దున్నుంచి బండి కింద దూరేది లేచేది దూరేది లేచేది, నడుము పట్టేసింది, ఇంక నావల్ల కాక ఇక్కడ అడుగుతాండా. నా వింటేజ్ మారుతి 800 డోన్ దాకా పోనీ గుత్తి దాకా పోనీ ఒక్క తేడా ఉండదు, అమకతాడు టోల్ దాటినాక 70లో పెట్టినామంటే అట్లనే పోతానే ఉంటాది. అదే ఊర్లోకి వచ్చి రాజ్ విహార్ కాడ సిగ్నల్ పడిందంటే చాలు, స్టీరింగ్ చేతిలో వణుకుతాది, ఆఫ్. వెనకాల ఆటోలోళ్లు హారన్ల మీద హారన్లు. సెల్ఫ్ కొట్టి కదిలిస్తే బళ్లారి చౌరస్తా కాడ మళ్ళీ ఆఫ్. ప్లగ్గులు మార్చినా, పెట్రోల్ ఫిల్టర్ మార్చినా, కార్బ్యురేటర్ విప్పి జెట్లన్నీ (పెట్రోల్ పోయే సన్న బొక్కలు) గాలి కొట్టి బిగించినా, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కూడా కొత్తదే. మెకానిక్ ఏమో కార్బ్యురేటర్ మొత్తం మార్చాల అంటాడు, ఇంట్లోవాళ్లేమో అమ్మేయమంటాండారు. అమ్మేది మాత్రం లేదు. ఇది ఊర్లో తిరగనంటాంది కాబట్టి ప్యాపిలి కాడ మా పల్లెలో పెట్టేసి రోడ్డు మీదికే వాడుకోవాలా, లేకపోతే ఊర్లో తిరిగేట్టు చేసే దారి ఏమన్నా ఉందా? తొందరగా చెప్పండి.

గుత్తి కోట:
ఏ సంవత్సరం బండి? టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తాంది? ఆఫ్ అయినాక వెంటనే స్టార్ట్ అయితాందా, చల్లారినాకనా? ఇవి చెప్పకుండా ఎవరేం చెప్తారు.

ఆర్‌సీ పుస్తకం:
ముందు ఒక మాట. 800ని వింటేజ్ అనొద్దు తమ్ముడూ. 2021 జులైలో కేంద్రం రూల్స్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉన్న బండినే వింటేజ్ అంటారు, వాటికి నంబర్ ప్లేట్‌లో వీఏ అని వస్తాది, పైగా దాన్ని రోజువారీ తిప్పేదానికి లేదు. మారుతి 800 మొదటి బండి రోడ్డెక్కిందే 1983 డిసెంబర్లో. అంటే లెక్కేసుకో, 2033 దాకా ఏ 800 కూడా వింటేజ్ కాదు. నీకు కావాల్సింది వింటేజ్ రిజిస్ట్రేషన్ కాదు, మామూలు ఆర్‌సీ రెన్యువల్. 15 ఏళ్లు దాటినాక ఐదేళ్లకోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి రెన్యువల్ చేయించుకోవాల. ఆ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 చేసినారు, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేసినారు. పాత బండ్లు పెట్టుకున్నోళ్లు ఇంజన్ చూసుకుంటారు గానీ కాగితాలు చూసుకోరు, చెక్‌పోస్ట్ కాడ ఆపినాక అప్పుడు అందరికీ ఫోన్లు చేస్తారు.

కర్నూలు 800:
అన్నా పేపర్లన్నీ క్లియర్. 97 మోడల్, నాలుగు గేర్లు, కార్బ్యురేటర్ బండి. ముల్లు సగం కాడనే ఉంటాది, పైకి పోదు. ఆఫ్ అయినాక సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయితాది, ఆక్సిలరేటర్ మీద కాలు పెట్టుకుని ఉంటే ఆఫ్ కాదు, కాలు తీస్తే పోతాది. వింటేజ్ అంటే పాతది అనే అర్థంలో రాసినా.

ఆర్‌సీ పుస్తకం:
97 అంటే 2027లో మళ్ళీ రెన్యువల్ వస్తాది, గుర్తుపెట్టుకో.

సీమ పెట్రోల్:
ఎవరూ అసలు రోగం మాట్లాడరు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి దానికి తట్టుకునే రబ్బర్లు పెట్టినారు, 97 మోడల్‌కి యాడినుంచి వస్తాయి? ఇథనాల్ పాత రబ్బర్ పైపుల్ని, ఫ్యూయల్ పంపు లోపల డయాఫ్రం అనే రబ్బర్ పొరని, కార్బ్యురేటర్ వాషర్లని మెత్తబరిచి ఉబ్బిస్తాది. ఇంకోటి, అది గాలిలో తేమ పీల్చుకుంటాది, నువ్వు పల్లెలో పెట్టేసి నెలకోసారి తీస్తా అంటే ట్యాంకులో అడుగున నీళ్లు చేరుకుంటాయి, తుప్పు పడతాది, ఆ తుప్పు వచ్చి జెట్లలో కూర్చుంటాది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కూడా పడిపోతాది. కార్బ్యురేటర్ బండ్లలో మిక్చర్ లీన్ అయిపోతాది, అంటే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఉండే బండి అయితే అదే సర్దుకుంటాది, మన దానికి సర్దేవాళ్లు లేరు. పైపులన్నీ ఇథనాల్‌కి పనికొచ్చే రకం వేయించు, అప్పుడు మాట్లాడదాం.

గుత్తి కోట:
ఈ20 అయితే హైవే మీద కూడా ఏడవాల కదా. పెట్రోల్ అదే, రోడ్డే మారింది.

కడప పద్మిని:
నేను ప్రీమియర్ పద్మిని వాడతా, కాబట్టి ఊర్లో హీట్ అయ్యే బాధ నాకు తెలుసు. నా లెక్క ప్రకారం ఇది ఓవర్‌హీటే. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌లోకి దూసుకొస్తాది కాబట్టి ఫ్యాన్ తిరిగినా తిరక్కపోయినా తెలీదు, ట్రాఫిక్‌లో నిలబడితేనే తెలుస్తాది. పద్మినికి ఫ్యాన్ బెల్టు మీద ఇంజన్‌తో పాటే తిరుగుతాది, 800కి ఎలక్ట్రిక్ ఫ్యాన్, స్విచ్ పోయినా మోటర్ పోయినా కథ అంతే. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి నేరుగా రెండు వైర్లు ఇచ్చి చూడు, తిరిగితే మోటర్ బాగుంది, స్విచ్ చూసుకో. ఇంకా ఒకటి, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ ఉందా పీకేసినారా? మన దగ్గర ఎండలు ఎక్కువని మెకానిక్కులు అది పీకేసి పారేస్తారు, అది పెద్ద తప్పు, తర్వాత ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, ఆయిల్ పాడవుతాది, పెట్రోల్ ఎక్కువ తాగుతాది.

గుత్తి కోట:
ముల్లు సగం కాడ ఉంటే ఓవర్‌హీట్ ఏంది.

కడప పద్మిని:
97 మోడల్ ముల్లుని నమ్మి కూర్చుంటావా? ముల్లుకి వేడి ఎంతో చెప్పే సెండర్ పోయిన బండ్లు ఎన్ని చూసినా.

గుత్తి కోట:
వెంటనే స్టార్ట్ అయితాంది అన్నాడు. ఓవర్‌హీట్ అయినా వేపర్ లాక్ అయినా వెంటనే స్టార్ట్ కాదు, పెట్రోల్ ఆవిరైపోయి పంపుకి అందదు, అరగంట ఆగాల. కాలు పెడితే నడుస్తాంది, తీస్తే ఆగుతాంది. ఇది ఐడిల్ ప్రాబ్లం, అంటే కాలు తీసినాక ఇంజన్ మెల్లగా ఆడేదాంట్లో తేడా. 800లో 50, 60 స్పీడులో పెట్రోల్ మెయిన్ జెట్ నుంచి పోతాది, కాలు తీసినాక ఐడిల్ జెట్ నుంచి పోతాది. హైవే మీద ఐడిల్ దారి అవసరమే పడదు. అందుకే రోడ్డు మీద బాగుండి ఊర్లో ఆగుతాంది.

ఓమ్ని నివాసం:
నేను రిటైర్ అయినాక నెలలో సగం రోజులు ఓమ్నిలోనే ఉంటా, వెనక సీట్లు తీసేసి పరుపు వేసినా, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల క్యాను. ఇంజన్ నీ 800దే, అదే 796 సీసీ మూడు సిలిండర్లు, నాకు ముందర సీటు కింద ఉంటాది అంతే, సీటు ఎత్తితే కార్బ్యురేటర్ మొహం కాడికి వస్తాది. అందుకని ఈ ఇంజన్ గురించి నాకు తెలిసింది చెప్తా.

పల్లెలో పెట్టేసి వాడుకోవాలా అన్నావు కదా, పెట్టేసేది మాత్రం చేయొద్దు. నిలబడిన బండి నిలబడిన చోటే చచ్చిపోతాది. బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ దిగిపోతాది, సైలెన్సర్ లోపల నీళ్లు చేరి తుప్పు పడతాది. ఊర్లో రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేసేది కూడా అంతే చెడ్డది, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపితే లోపల చేరిన తేమ పోదు, ఆయిల్ ఫిల్లింగ్ మూత విప్పి చూడు, అడుగున తెల్లగా మీగడ మాదిరి పట్టి ఉంటాది ఊర్లో తిరిగే బండ్లకి. వారానికి ఒకసారన్నా నంద్యాల దాకా, కాదంటే ఓర్వకల్లు దాకా పోయి ఒక గంట ఆపకుండా నడిపితే అదంతా పోతాది.

ఇంక రోడ్డు మీద బతకడం అంటే, అది వేరే. నేను నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి దాకా పోతా. ఘాట్‌లో సెకండ్ గేర్, ఏసీ ఆఫ్, ముల్లు పైకి పోతాంటే హీటర్ ఆన్ చేసేది. ఎండాకాలంలో హీటర్ ఏందని నవ్వుతారు గానీ ఇంజన్ వేడిని హీటర్ రేడియేటర్ కూడా రొంత లాగేస్తాది, ఎన్నోసార్లు కాపాడింది. ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ కట్టేది. రాత్రి పెట్రోల్ బంకులో అడిగితే ఒక మూల పెట్టుకోమంటారు, బాత్రూం ఉంటాది, నీళ్లుంటాయి, లారీ డ్రైవర్లు వచ్చి ఇంకా ఈ బండి నడుస్తాందా పెద్దాయనా అని చుట్టూ తిరిగి చూస్తారు, టీ ఇప్పిస్తారు. అదే ఊర్లో మా ఇంటి ముందర పెట్టినా ఎదురింటాయన కారు తియ్యమంటాడు. ఊర్లో పాత బండి అంటే అడ్డం. రోడ్డు మీద అది బండి. నాకు మాత్రం ఈ వయసులో కడుపు నిండా నిద్ర పట్టేది ఓమ్నిలోనే.

అనంత టౌన్:
పెద్దాయనా మీ మాట మీద గౌరవం ఉంది కానీ 800ని హైవే బండి అంటే ఒప్పుకోను. 12 అంగుళాల చక్రాలు, 37 గుర్రాల ఇంజన్, బరువు 700 కిలోలు కూడా లేదు, పక్కనుంచి కంటైనర్ పోతే ఆ గాలికే లేన్ మారుతాది. ఏర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. నేషనల్ హైవే 44 మీద ఇప్పుడు అందరూ 120లో పోతాండారు, మధ్యలో మనం 70లో పోతా ఉంటే ఎనక నుంచి కొట్టేస్తారని భయం. ఇది పుట్టిందే ఊరికి. 4.4 మీటర్ల టర్నింగ్, పాతూరు సందుల్లో ఎస్‌యూవీలు రివర్స్ తీసుకోలేక చస్తాంటే నేను ఒక్క కటింగ్‌లో తిప్పుకుని పోతా. కూరగాయలు, పిల్లల స్కూలు, ఆసుపత్రి, అన్నీ దీంట్లోనే. గీత పడినా బాధ లేదు. ఊర్లో నాకు 14 ఇస్తాది, అది చాలు.

ఓమ్ని నివాసం:
ఎడమ లేన్‌లో మన స్పీడులో మనం పోతే ఎవరూ కొట్టరు నాయనా. రాత్రిపూట పోవద్దు, వెనకాల రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెద్దవి అతికించుకో.

అనంత టౌన్:
ఎడమ లేన్‌లో రాంగ్ రూట్ ట్రాక్టర్లు ఎదురొస్తాయి కదా. పామిడి కాడ నేను కళ్లారా చూసినా.

కర్నూలు 800:
అన్నలూ ఊరా రోడ్డా తర్వాత మాట్లాడుకోవచ్చు, ఐడిల్ జెట్ నేను క్లీన్ చేసినా అని పైన రాసినా కదా. ఐడిల్ స్క్రూ తిప్పి ఆర్‌పీఎం పెంచి కూడా చూసినా. ఇంటి కాడ ఐడిల్ బ్రహ్మాండంగా ఉంటాది, పది నిమిషాలు నిలబెట్టినా ఆగదు. రాజ్ విహార్ కాడికి పోతేనే ఆగుతాది. అదే అర్థం కావట్లేదు.

గుత్తి కోట:
ఇంటి కాడ చూసేటప్పుడు ఏసీ వేసినావా?

కర్నూలు 800:
ఇంటి కాడ ఏసీ ఎందుకు, బానెట్ ఎత్తి బయట నిలబడి చూస్తా కదా. ఊర్లో తిరిగేటప్పుడు వేస్తా. మే నెలలో కర్నూల్లో ఏసీ లేకుండా ఎవరు తిరుగుతారు, అది చెప్పాల్సిన ముక్కా?

గుత్తి కోట:
అదే ముక్క. ఏసీ కంప్రెసర్ ఇంజన్ మీదనే బతుకుతాది, ఐడిల్‌లో ఈ చిన్న ఇంజన్‌కి అంత శక్తి ఉండదు, అందుకే ఏసీ వేయంగానే ఐడిల్ పెరిగేట్టు కార్బ్యురేటర్ పక్కన ఐడిల్ అప్ అని చిన్న డబ్బా ఉంటాది. దానికి సన్నని రబ్బర్ పైపు వస్తాది, మధ్యలో కరెంటుతో పనిచేసే వాల్వ్ ఒకటి. ఏసీ వేస్తే వాల్వ్ తెరుచుకుని, ఇంజన్ పీల్చే గాలితో ఆ డబ్బా లోపలి కడ్డీ లాగి థ్రాటిల్ రొంత తెరుస్తాది. బానెట్ ఎత్తు, ఎవర్నన్నా లోపల కూర్చోబెట్టి ఏసీ వేయమను, ఆ కడ్డీ కదుల్తాందా చూడు. కదల్లేదంటే పైపు పీకి నోటితో పీల్చు. అప్పుడు కదిలితే డబ్బా బాగుంది, పైపో వాల్వో పోయింది. పీల్చినా కదల్లేదంటే డబ్బా లోపల డయాఫ్రం చినిగింది.

సీమ పెట్రోల్:
నేను చెప్పిందే కదా, రబ్బర్. ఇథనాల్ తినేసింది ఆ పైపుని.

గుత్తి కోట:
ఆ పైపులో పెట్రోల్ పోదు. వ్యాక్యూం పైపు అది. 28 ఏళ్లు ఇంజన్ పక్కన ఉడికితే ఏ రబ్బరైనా పగుల్తాది.

సీమ పెట్రోల్:
కార్బ్యురేటర్ నుంచి ఆవిర్లు పోవా దాంట్లోకి? పెట్రోల్ ఆవిరి కూడా పెట్రోలే. మీరు ఈ20ని ఎందుకు వెనకేసుకొస్తాండారో నాకు అర్థం కాదు.

కడప పద్మిని:
ఏసీ అని ముందే చెప్పి ఉంటే నేను కూడా అదే చెప్పేవాణ్ణి. అయినా ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతాందా లేదా అదీ చూడు, ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్‌కి గాలి తగలకపోతే గ్యాస్ ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఇంకా బరువైతాది.

కర్నూలు 800:
చూసినా. ఏసీ వేస్తే కడ్డీ కదల్లేదు, పైపు చివర నోట్లో పెట్టుకుని పీల్చితే టక్కుమని కదిలింది. వాల్వ్ కాడ పైపు వేలితో వంచితే పగులు నోరు తెరిచింది, బయటికి చూస్తే ఏమీ కనిపించదు, వంచితేనే తెలుస్తాది. ఇది యాడ దొరుకుతాది, కల్లూరు ఎస్టేట్‌లో అడిగేదా?

గుత్తి కోట:
కొలత చూసుకుని వ్యాక్యూం పైపు అని అడుగు, ఏ బండిదైనా పర్లేదు. పెట్రోల్ పైపు ఇస్తే తీసుకోవద్దు, అది మెత్తగా ఉంటే పీల్చినప్పుడు లోపలికి అణిగిపోతాది. స్క్రూ తిప్పి ఐడిల్ పెంచినావు కదా, పైపు వేసినాక మళ్ళీ దించుకో.

ఆర్‌సీ పుస్తకం:
పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకో, ఐడిల్ సరిచేసుకున్నాకే పరీక్షకి పో.

అనంత టౌన్:
ఇంకేం, ఊర్లోనే తిప్పుకోవచ్చు.

ఓమ్ని నివాసం:
ఊర్లోనూ తిప్పుకో, వారానికోసారి ఓర్వకల్లు రోడ్డు కూడా చూపించు. నేను వచ్చే వారం యాగంటి పోతాండా, ఎవరన్నా వస్తారా?

కర్నూలు 800:
థాంక్స్ అన్నా, పైపు తెచ్చుకుని వేస్తా. యాగంటి నేనూ వస్తా పెద్దాయనా, ఏ రోజో చెప్పండి.

సీమ పెట్రోల్:
వచ్చేటప్పుడు ఏ బంకులో పోయిస్తారో చూసి పోయించండి. ట్యాంకు మొత్తం నింపొద్దు.

అనంత టౌన్:
28 లీటర్ల ట్యాంకు నింపకుండా హైవే ఎక్కమంటావా?