లాయర్ లేకుండా వాదించుకునేవాళ్లు ఏఐ ఆధారంగా చూపే పాత కోర్టు తీర్పులను సరిచూసుకునేదెలా?

తేదీల వరుస, పత్రాల పట్టిక, అర్జీ చిత్తుప్రతి వరకు చాట్‌జీపీటీ బాగానే పనికొస్తుంది. చిక్కంతా తీర్పుల దగ్గరే. పదాల పోకడను బట్టి అల్లేస్తుంది కాబట్టి, లేని తీర్పుకు కూడా పేరు, సంవత్సరం, పేజీ నంబరు ధీమాగా ఇచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇలాంటి కల్పిత తీర్పులు చూపినందుకు లాయర్లకే 5,000 డాలర్ల జరిమానా పడింది. తీర్పు నిజమే అయినా అందులో లేని మాట అంటగట్టడం మరీ ప్రమాదం. దీనికి మాత్రం మందుంది: తీర్పు పీడీఎఫ్ మొత్తం ఇచ్చి, పేరా నంబరుతో సహా ఉన్నదున్నట్టు వాక్యం అడిగి, దాన్ని పీడీఎఫ్‌లో వెతకాలి.

తేలనివి రెండు. ఆ తీర్పును పైకోర్టు తర్వాత కొట్టేసిందో లేదో డబ్బు కట్టకుండా తెలుసుకునే దారేది? స్కాన్ చేసిన దస్తావేజులను ఏఐ చదివేటప్పుడు 3 కాస్తా 8 అయిపోతుంటే మీరు ఎలా పట్టుకుంటున్నారు? పనిచేసిన పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.