అరికాలిలో చర్మ స్పందన రాకపోతే స్వయంచాలిత నాడులు దెబ్బతిన్నట్టేనా?

మలక్‌పేట వాసి:
మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకుంటారు. మొన్న జనవరిలో ఒక ల్యాబులో సింపథెటిక్ స్కిన్ రెస్పాన్స్ పరీక్ష చేసి, అరచేతిలో స్పందన ఉందని, అరికాలిలో లేదని, అందువల్ల స్వయంచాలిత నాడులు, అంటే చెమట, గుండె వేగం, బీపీ వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నాడులు, దెబ్బతిన్నాయని రాసిచ్చారు. ఈ ఒక్క రిపోర్టును నమ్మవచ్చునా?

ఫిజియాలజీ అధ్యాపకురాలు, కోఠి:
నమ్మకూడదని నా అభిప్రాయం. మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇచ్చినా, హఠాత్తుగా చప్పుడు చేసినా, ఆ ఉద్దీపన మెదడు దాకా వెళ్లి, వెన్నుపాము మీదుగా, స్వయంచాలిత నాడుల్లో ఒక రకమైన సింపథెటిక్ నాడుల గుండా దిగి చెమట గ్రంథులను కదిలిస్తుంది. అప్పుడు చర్మంపై విద్యుత్ పొటెన్షియల్‌లో వచ్చే మార్పునే యంత్రం గీస్తుంది. చివరి దారిలో ఉన్నవి మైలిన్ తొడుగు లేని సన్నని నాడులు, వాటిలో సంకేతం సెకనుకు సుమారు ఒక మీటరే నడుస్తుంది కనుక, అరచేతికి దాదాపు ఒకటిన్నర సెకను, అరికాలికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఇంత పొడవైన దారిలో ఎక్కడ ఆటంకం వచ్చినా గీత చదునుగానే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది మందు సంగతి. సింపథెటిక్ నాడులే అయినా చెమట గ్రంథుల దగ్గర అవి విడుదల చేసేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. అమిట్రిప్టిలిన్ అడ్డుకునేది దాని పనినే. పైగా 60 దాటిన ఆరోగ్యవంతులలోనూ కొందరికి అరికాలి స్పందన రాదు.

నాడీ పరీక్షల టెక్నీషియన్, పంజగుట్ట:
మేడమ్ గారూ, మందు ఒళ్లంతా పనిచేస్తుంది కదా. అరచేతిలో గీత బాగా లేచి అరికాలిలో మాత్రమే లేవలేదంటే, పొడవైన నాడులను ముందుగా దెబ్బతీసే షుగరు తీరుకు అది సరిపోతుంది. నన్ను బాధపెట్టేది పరీక్ష చేసే పద్ధతి. చలికాలంలో ఏసీ గదికి, చల్లటి బండల మీద చెప్పుల్లేకుండా నడిచి వచ్చినవారి పాదానికి అలాగే ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. షాకులు వెంటవెంటనే ఇస్తూపోతే మొదట ఎత్తుగా లేచిన గీత కాసేపటికే అలవాటుపడి కుంగిపోతుంది. పాదాన్ని వెచ్చబరిచి, రోగి ఎదురుచూడని వేళ, తగినంత ఎడమిచ్చి మళ్లీ చేయించండి.

అధ్యాపకురాలు:
మళ్లీ చేయించడం సబబే. అయితే అరికాలి గీత మామూలుగానే చిన్నది. మందు రెండింటినీ తగ్గించినప్పుడు ముందు కనిపించకుండా పోయేది అదే. మలక్‌పేట వారు మందును సొంతంగా ఆపవద్దు, డాక్టరుగారినే అడగండి. ఈ పరీక్ష చెమట నాడుల వరకే చెబుతుంది. గుండె నాడుల కోసం, లోతుగా ఊపిరి తీసినప్పుడు గుండె వేగం ఎంత మారుతుందో చూడాలి. పడుకోబెట్టి, లేపి నిలబెట్టి బీపీ కూడా చూడాలి. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే పట్టించుకోవలసిందే. దానికీ అమిట్రిప్టిలిన్ కారణం కావచ్చు.

టెక్నీషియన్:
అది ఒప్పుకుంటాను. ఈలోగా నాన్నగారి అరికాళ్లను రోజూ వెలుతురులో చూడండి. కారణం ఏదైనా, చెమట పట్టని చర్మం పొడిబారి పగులుతుంది. స్పర్శ తగ్గిన పాదంలో ఆ పగులు పుండయ్యేదాకా తెలియదు.